సెంటుపాలు శిలలపై నొకపగలు

అట్లాంటికు మహాసముద్రము నడుమ, భూమధ్యరేఖకు నుత్తరమున నించుమించుగ నొక డిగ్రీ దూరమున, సెంటుపాలు శిలలను పేర నొక రాతితిప్ప కలదు. అమెరికాతీరము దీనికి 540 మైళ్లు. ఫెర్నాండో నొరోన్యా ద్వీపము 350 మైళ్లు. చుట్టుకొలత ముప్పాతిక మైలునకుఁ దక్కువ. ఎత్తు సముద్రమట్టమునకుఁ బైని 50 అడుగులని డార్విను లెక్క. ఇంతటి యల్పస్థలమునందు 1832 ఫిబ్రవరి 16వ తేదీని చార్లెసు డార్విను గడపిన కొన్నిగంటలు ప్రకృతిశాస్త్రచరిత్రలో విస్మరింపఁదగినవి కావు. గలాపగసు ద్వీపములఁ బ్రశంసించువారు దీనిని దాఁటిపోవుట పరిపాటి యైనది.

బీగిలు నౌక 1831 డిసెంబరు 27న నింగ్లండు విడిచెను. శిలలపై దిగునాఁటికి డార్వినునకు 23 ఏండ్లు నిండి నాలుగుదినములే యయ్యెను. దూరమునకుఁ దెల్లగా మెఱయు నా శిలల తెలుపునకుఁ గొంత పక్షుల రెట్టయు, కొంత రాతినంటి ముత్యమువలె నిగనిగలాడు గట్టిపూఁతయుఁ గారణములని యతఁడు గుర్తించెను.

అచట డార్వినునకుఁ గానవచ్చిన పక్షిజాతులు రెండే: బూబీ, నాడ్డి. మనుష్యుల నెఱుఁగనివగుటచే నవి బెదరవు. రాళ్లు పగులఁగొట్టు సుత్తితో నెన్నింటినైనఁ జంపవచ్చునని డార్విను వ్రాసెను. నేఁటి పాఠకునకీ మాట రుచింపదు. బూబీ వట్టిరాతిపై గ్రుడ్లు పెట్టును. నాడ్డి సముద్రపుపాచితో గూడు కట్టును. గూళ్లకడ నొక్కొక్క యెగురుచేప పడియుండెను. మగపక్షి తన జోడునకై తెచ్చినదని యతని యూహ. పక్షి తొలఁగినంతనే రాతిసందులలోని యెండ్రకాయ వెలువడి యా చేపను దొంగిలించుకొని పోవుచుండెను.

చెట్టు మాట యటుండ, రాతిపాచియైనఁ గానరాలేదు. అయినను బ్రాణులున్నవి: బూబీ నాశ్రయించిన యీఁగ, పక్షుల రక్తముఁ ద్రావు పిడుదు, ఈఁకలు దిను జాతికిఁ జెందిన చిన్నచిమ్మట, పెంకుపురుగు, రెట్టక్రింద నుండు పలుకాళ్ల పురుగు, వీనినెల్లఁ బట్టుకొని బ్రతుకు సాలెపురుగులు. క్రొత్తగా లేచిన పగడపుదీవిని మొదటఁ దాటిచెట్లును, పిదపఁ బక్షులును, తుదకు మనుష్యుఁడును నాక్రమింతురను నప్పటి సుందరవర్ణన బహుశః సరికాదనియు, ఈఁకలు, మురికి తిను పురుగులును సాలెపురుగులునే తొలి నివాసులనియు డార్విను తలఁచెను. ఇది యా కథలోని కవిత్వమును జెఱుచునని యతఁడే యొప్పుకొనెను. నిజమునకుఁ బగడపుదీవికిని మట్టిలేని శిలకును సామ్యము తక్కువ. దానికిఁ గొబ్బరికాయ నీటఁ దేలివచ్చి మొలచుట కలదు. ఒక్క తిప్పను జూచి సర్వత్ర వర్తింపఁజేయుట సాహసమే. కాని పెద్దచెట్టును వదలి రెట్టక్రింద వెదకుట యను పద్ధతి యతనికి నీ నాఁటికే యలవడియుండెను.

శిలావిషయము వేఱు. నడిసముద్రపు దీవులు దాదాపుగ నన్నియు నగ్నిపర్వతజములు లేక పగడములచేఁ బుట్టినవి. ఇవి యట్టివి కావని డార్విను స్పష్టముగాఁ జెప్పెను. ఎట్టివో చెప్పఁగల శాస్త్ర మప్పటికిఁ బుట్టలేదు. 1873లోఁ జాలెంజరు నౌక వచ్చి యిచటి శిలలను మరలఁ బరీక్షించెను. భూమి పైపెంకు క్రిందనుండు పొర యిచట సముద్రముపైకిఁ బొడుచుకొని వచ్చినదని యిరువదవ శతాబ్దిలో నిర్ణయమయ్యెను.

16వ తేదీ రాత్రి బీగిలు భూమధ్యరేఖవైపునకు సాగెను. మఱునాఁడు క్రొత్తగా రేఖ దాఁటువారికి నావికులు చేయు క్షౌరపరిహాసములలో డార్వినుకు సైతము ముఖమునఁ దారుపూఁతయు నీటిమునుఁగును దప్పలేదు.