జయ జయ మహారాష్ట్ర మాఝా

సొంత రాష్ట్రంపై మమకారాన్ని చాటే ఈ మరాఠీ పాటను నాగపూర్‌లో పుట్టిన రాజా బఢే రాశాడు. శ్రీనివాస ఖళే బాణీ కట్టాడు. డప్పు మీద వీరగాథలు పాడే షాహీర్ల సంప్రదాయం నుంచి వచ్చిన షాహీర్ సాబ్లే కంచుకంఠమే దీన్ని ఇంటింటికీ చేర్చింది. పాటలో వరసగా వచ్చే నదుల పేర్లలో వరద అంటే చంద్రపూర్ జిల్లాను ఒరుసుకుని పారే వార్ధా. అది వైన్‌గంగతో కలిసి ప్రాణహితగా మారి, తెలంగాణ సరిహద్దు వెంట సాగి కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరుతుంది. బల్లార్‌పూర్, రాజురాల తెలుగువారికి ఇది తమ ఏటి పాట కూడా. 2023 ఫిబ్రవరి 19న, శివాజీ జయంతి నాడు, ఇందులోని రెండు చరణాలు రాష్ట్ర గీతంగా అమల్లోకి వచ్చాయి. పొరుగున తెలంగాణ 2024లో అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ను రాష్ట్ర గీతంగా స్వీకరించింది.