నల్లమందు చట్టాలు - నూట ఎనిమిది బండి

నల్లమందు, అభిని - రెండూ ఒకటే. గసగసాల కాయకు గాటు పెడితే కారే పాలు ఎండి నల్లబడతాయి కనుక ఆ పేరు. మార్ఫిన్, హెరాయిన్ దాని సంతానమే. మందు అన్న మాటకు మనవారు ఔషధమనీ, మత్తు అనీ, విషమనీ మూడర్థాలు చెప్పుకున్నారు. చట్టం మాత్రం చాలాకాలం మత్తునే చూసింది.

ఆంగ్లేయుల 1857, 1878 నల్లమందు చట్టాలు సాగును, అమ్మకాన్ని, సర్కారు రాబడిని పట్టించుకున్నాయి. దానికి బానిసైనవాడు రోగి అన్న ఊహ వాటిలో కానరాదు. 1985 నవంబరు 14న అమలులోకి వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో ఆ ఊహకు చోటు దొరికింది. చికిత్సా కేంద్రాలు నెలకొల్పే అధికారాన్ని 71వ సెక్షను ప్రభుత్వానికిచ్చింది. 2001లో సవరించిన 64ఏ ప్రకారం, సేవించిన నేరమో, స్వల్ప పరిమాణంలో దొరికిన నేరమో మోపబడిన వ్యసనపరుడు తనంతట తానే సర్కారు ఆసుపత్రిలోనో, గుర్తింపు పొందిన సంస్థలోనో చికిత్స పొందితే ఆ నేరానికి విచారణ ఉండదు. చికిత్స మధ్యలో మానితే ఆ రక్షణ పోవచ్చు.

ఇక మన హైటెక్ సిటీ. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలైంది. బండిలో వచ్చేది వైద్యుడు కాదు, శిక్షణ పొందిన సాంకేతికుడు. అవసరమైతే ఫోనులో వైద్యుని సలహా తీసుకుంటాడు. మాదాపూరులో పోలీసులకు ఎక్కువగా చిక్కేది గంజాయే అనవచ్చు. నిజమే. కాని నొప్పి మాత్రగా అందరెరిగిన ట్రమడాల్ కూడా నల్లమందు తరహాదే. దానిని 2018లో ఈ చట్టం కిందికి తెచ్చారు.

ఒక అర్ధరాత్రి హాస్టలు గదిలో కుర్రవాడి ఊపిరి ఆగిపోతున్నదనుకోండి. విరుగుడు నాలక్సోన్. అది పనిచేసి మెలకువ వచ్చాక ఒళ్లంతా వణుకు, వాంతులు. మళ్లీ ఆ మత్తుకే పరుగు. ఆ బాధను అణచేది బ్యుప్రెనార్ఫిన్. మనవాళ్లెందరో స్థిరపడిన న్యూజెర్సీలో 2019 నుంచి పారామెడిక్ దానిని అక్కడికక్కడే ఇవ్వవచ్చు. అంతకుముందే, 2013లో, సాయం కోసం ఫోను చేసిన స్నేహితునికి కూడా అక్కడి చట్టం రక్షణ కల్పించింది.

మన దగ్గర బ్యుప్రెనార్ఫిన్ ఎన్‌డీపీఎస్ జాబితాలోని పదార్థం. వైద్యుని చీటీ, చికిత్సా కేంద్రం - దాని దారి అది. ఫోను చేసిన స్నేహితుని ఊసు 64ఏలో లేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేరిన రక్షణ రోడ్డు ప్రమాదాలలో ఆదుకున్నవారికే. అదే మత్తులో తానూ ఉన్న స్నేహితుడు 108 నొక్కాలా వద్దా అని తటపటాయించే ఆ నాలుగు నిమిషాలే నాకు ఎక్కువ భయం కలిగిస్తాయి.

2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం అత్యవసర వైద్య సాంకేతికుణ్ణి పేరుపెట్టి తన జాబితాలో చేర్చుకున్నది. ఎన్‌డీపీఎస్ చట్టంలో మాత్రం అతని పేరు ఇంకా లేదు.