అచ్చయిన పేరు, అందని వాటా

1992లో అమెరికాలోని డెలిషస్ వినైల్ అనే రికార్డు కంపెనీ 'హెవీ రైమ్ ఎక్స్‌పీరియన్స్, వాల్యూమ్ 1' అనే ఆల్బమ్‌ను విడుదల చేసింది. వాద్యసంగీతం సమకూర్చినది లండన్ పశ్చిమ ప్రాంతమైన ఈలింగ్‌కు చెందిన 'బ్రాండ్ న్యూ హెవీస్' బృందం. పది పాటల్లో పదిమంది అతిథులు. గ్యాంగ్ స్టార్, మెయిన్ సోర్స్, గ్రాండ్ పూబా, కూల్ జీ ర్యాప్, మాస్టా ఏస్, బ్లాక్ షీప్ వంటి అమెరికన్ ర్యాపర్లతో పాటు జమైకా కళాకారుడు టైగర్ కూడా అందులో ఉన్నాడు. ప్రతి పాటకూ ఎవరు గొంతు ఇచ్చారో ఆ పాట పక్కనే అచ్చయింది. చూడడానికి ఇది అతి మామూలు మర్యాద. కాని సంగీత పరిశ్రమలో పేరు అచ్చు కావడానికీ ఆదాయంలో వాటా దక్కడానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించినవారికి, ఈ ఆల్బమ్ ఒక కాలపు ఆర్థిక వివాదానికి సాక్ష్యంగా కనిపిస్తుంది. ఆ వివాదం భారతదేశంలోనూ నేటికీ తేలలేదు.

హెవీస్ పుట్టిన లండన్ మార్గరెట్ థాచర్ కాలపు లండన్. దేశంలో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటిన దశకం అది. మూతపడిన గోదాముల్లో రాత్రివేళ సంగీత సభలు జరిగేవి. లైసెన్సు లేని రేడియో కేంద్రాలు నగరమంతా వినిపించేవి. అలా మొదలైన కిస్ ఎఫ్ఎం 1990లో గాని చట్టబద్ధం కాలేదు. ఆ సభల్లోనూ ఆ రేడియోల్లోనూ మోగినవి ఎక్కువగా 1960ల చివర, 1970లలో అమెరికా నల్లజాతి కళాకారులు చేసిన ఫంక్, సోల్, జాజ్ రికార్డులు. అమెరికాలోనే మరుగున పడిన ఆ రికార్డులను నలుపు, తెలుపు భేదం లేకుండా లండన్ యువత వెతికి తెచ్చుకుంది. అప్పటికి ఊపందుకున్న 'ఆసిడ్ హౌస్' ధోరణిని ఆటపట్టించడానికి కొందరు డీజేలు తమ అభిరుచికి 'ఆసిడ్ జాజ్' అని పేరు పెట్టారు. 1987లో ఎడ్డీ పిల్లర్, జైల్స్ పీటర్సన్ ఆ పేరుతోనే ఒక రికార్డు సంస్థను స్థాపించడంతో వేళాకోళం కాస్తా ఒక సంగీత శాఖగా స్థిరపడింది.

డ్రమ్మర్ జాన్ కిన్‌కైడ్, గిటారిస్టు సైమన్ బార్తొలొమ్యూ, బేస్ గిటారిస్టు ఆండ్రూ లెవీ కలిసి కట్టిన బృందం బ్రాండ్ న్యూ హెవీస్. వీరి తొలి ఆల్బమ్ 1990లో ఆసిడ్ జాజ్ సంస్థ నుంచి వచ్చింది. జేమ్స్ బ్రౌన్ వంటివారి రికార్డులే వీరి గురుకులం. ఆ లయను విని, చేత్తో సాధన చేసి, కొత్త బాణీలు కట్టుకున్నారు.

అదే పాత రికార్డులను అమెరికా ర్యాప్ నిర్మాతలు మరొక విధంగా వాడుకున్నారు. శాంప్లర్ అనే యంత్రంతో పాత పాటలోని నాలుగు సెకన్ల డ్రమ్స్ ముక్కను కత్తిరించి, దానినే చక్రంలా తిప్పి, దాని మీద తమ మాటలను పేర్చారు. పేద పేటల యువకులకు వాద్యాలు కొనే స్తోమత లేనప్పుడు పాత రికార్డే వాద్యమైంది. దీనిని కేవలం దొంగతనమని తీసిపారేయడం అన్యాయం. ఆ కోతలో, కూర్పులో గొప్ప సృజన ఉన్నది. కాని ఆ నాలుగు సెకన్లను వాయించిన మనిషి సంగతి ఏమిటన్న ప్రశ్నా అంతే న్యాయమైనది.

క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ జేమ్స్ బ్రౌన్ బృందంలో డ్రమ్మర్. 1970లో విడుదలైన 'ఫంకీ డ్రమ్మర్' రికార్డులో ఆయన వాయించిన కొద్ది క్షణాల లయ తరువాతి దశాబ్దాల్లో లెక్కకు మిక్కిలి పాటలకు పునాది అయింది. ఆ పాటకు కర్తగా నమోదైన పేరు జేమ్స్ బ్రౌన్‌ది. స్టబుల్‌ఫీల్డ్‌కు రాయల్టీ రాలేదు. ఆయన 2017లో కన్నుమూశారు. 1969లో ది విన్‌స్టన్స్ బృందం రికార్డు చేసిన 'ఆమెన్, బ్రదర్'లోని డ్రమ్స్ ముక్క బ్రిటన్‌లో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే సంగీత శాఖలకే ప్రాణవాయువు. దానిని వాయించిన గ్రెగరీ కోల్‌మన్ 2006లో నిలువనీడ లేని స్థితిలో మరణించారు. 2015లో బ్రిటిష్ అభిమానులు చందాలు వేసి సుమారు 24,000 పౌండ్లు పోగుచేసి ఆ బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు అందజేశారు. చట్టం ఇవ్వని వాటా దానంగా చేరింది. కోల్‌మన్‌కు అదీ అందలేదు.

ఈ అన్యాయానికి మూలం కాపీరైట్ నిర్మాణంలోనే ఉన్నది. ఒక పాటలో చట్టం ప్రధానంగా రెండు ఆస్తులను గుర్తిస్తుంది. మొదటిది రచన, అంటే సాహిత్యం, బాణీ. రెండవది ధ్వనిముద్రణ. మొదటిది రచయితదీ స్వరకర్తదీ, లేదా వారి నుంచి కొనుక్కున్న ప్రచురణ సంస్థది. రెండవది సాధారణంగా రికార్డు కంపెనీది. రోజుకూలి తీసుకొని వాయించి వెళ్లిన వాద్యకారుడు ఈ రెండింటికీ బయటివాడు. అతని వేళ్లు సృష్టించిన లయ రచన కాదు, ముద్రణ అతనిది కాదు.

1991 డిసెంబరులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఇచ్చిన తీర్పు ఈ నిర్మాణాన్ని మరింత బిగించింది. బిజ్ మార్కీ అనే ర్యాపర్ గిల్బర్ట్ ఓ'సల్లివన్ పాట ముక్కను అనుమతి లేకుండా వాడుకున్నాడు. న్యాయమూర్తి కెవిన్ డఫీ దొంగతనాన్ని నిషేధించే బైబిలు ఆజ్ఞతో తీర్పును ఆరంభించి, క్రిమినల్ విచారణ అవసరమేమో పరిశీలించమని ప్రభుత్వ న్యాయవాదికి పంపారు. ఆనాటి నుంచి ప్రతి శాంపిల్‌కూ ముందస్తు అనుమతి, దానికో ధర తప్పనిసరి అయ్యాయి. డబ్బున్న సంస్థలు చెల్లించాయి, లేనివారు శాంప్లింగ్ తగ్గించుకున్నారు. ధర మాత్రం హక్కుదారులకే చేరింది. స్టబుల్‌ఫీల్డ్ వంటివారి స్థితి తీర్పుకు ముందు ఎలా ఉన్నదో తరువాతా అలాగే ఉన్నది. కోర్టు కాపాడినది ఆస్తిని, శ్రమను కాదు.

ఆ మరుసటి ఏడే 'హెవీ రైమ్' వచ్చింది. తీర్పు వల్లనే ఈ ఆల్బమ్ పుట్టిందనడం చరిత్రకు న్యాయం కాదు. న్యూయార్క్‌లో హెవీస్ ఇచ్చిన ప్రదర్శనలో ర్యాపర్లు వేదికెక్కి గొంతు కలపడం దీనికి ప్రేరణ. అయినా సందర్భం గమనింపదగినది. డెలిషస్ వినైల్ పేరు సంపాదించినదే టోన్ లోక్ పాడిన 'వైల్డ్ థింగ్' వంటి, శాంపిళ్ల మీద నిలిచిన పాటలతో. అదే సంస్థ ఇప్పుడు యంత్రం ఉండవలసిన చోట సజీవ వాద్యబృందాన్ని కూర్చోబెట్టింది. లయ ఇచ్చేవాడూ మాట ఇచ్చేవాడూ ఇద్దరూ బతికున్నారు, ఒకే పనిలో ఉన్నారు, ఒకరి సమ్మతి మరొకరికి అవసరం. డ్రమ్మర్ వేగం మార్చగలడు, ర్యాపర్ పదం మార్చగలడు, ఇద్దరూ తమ వాటా అడగగలరు. అప్పటికి ఇంకా ఆల్బమ్ లేని ఫార్‌సైడ్ బృందం ఇందులోని 'సోల్ ఫ్లవర్'తోనే వెలుగులోకి వచ్చింది. పేరు అచ్చు కావడం వల్ల కలిగే మేలుకు అదొక దృష్టాంతం.

మరో లండన్ బృందం 'అస్3' ఇంకో దారి పట్టింది. బ్లూ నోట్ సంస్థ అనుమతితో దాని భాండాగారంలోని జాజ్ రికార్డులను శాంపిల్ చేసి 1993లో 'హ్యాండ్ ఆన్ ది టార్చ్' ఆల్బమ్ చేసింది. అందులో హెర్బీ హాన్‌కాక్ బాణీ మీద కట్టిన 'కాంటలూప్' విశేషంగా అమ్ముడుపోయింది. అదీ చట్టబద్ధమే, గౌరవప్రదమే. అయితే అక్కడ ఒప్పందం ముద్రణ యజమానితో జరిగింది. 'హెవీ రైమ్'లో పని పంచుకున్నది వాయించేవారితో. రెండు పద్ధతుల మధ్య తేడా సంగీతంలో కన్నా రాజకీయార్థికంలో ఎక్కువ.

హెవీస్‌ను ఆదర్శమూర్తులుగా నిలబెట్టడమూ తగదు. వారు నేర్చుకున్న లయ స్టబుల్‌ఫీల్డ్ తరానిది. శైలికి కాపీరైట్ లేదు కనుక అనుకరణకు రుసుము లేదు. ముక్కను కత్తిరించినవాడు కోర్టుకెక్కాడు, శైలిని నేర్చినవాడు ప్రశంస పొందాడు. మూలవాద్యకారుడికి రెండు చోట్లా దక్కినది శూన్యమే. నేర్చుకునే స్వేచ్ఛ లేకపోతే సంగీతమే లేదు కనుక ఆ స్వేచ్ఛను తప్పుపట్టలేము. కాని ఈ ఆల్బమ్ న్యాయం చేసినది దానిలో పాల్గొన్నవారికే, గతానికి కాదు.

భారతీయ సంగీతమూ ఇదే న్యాయస్థానాల మెట్లెక్కింది. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే అమెరికన్ గాయని పాడిన 'అడిక్టివ్'లో 'జ్యోతి' (1981) చిత్రం కోసం బప్పీ లహిరి స్వరపరచగా లతా మంగేష్కర్ పాడిన పాట ముక్క వినిపించింది. లహిరి పేరు చేర్చేదాకా ఆ రికార్డు అమ్మకాలు ఆపాలని లాస్ ఏంజెలిస్ కోర్టు ఆదేశించింది. 'ఆరాధన' (1969) చిత్ర సంగీతపు ముక్కను నిర్మాత టింబలాండ్ వాడుకున్నాడని సరిగమ సంస్థ వేసిన దావా 2011లో అప్పీలు కోర్టులో వీగిపోయింది. 1967 నాటి ఒప్పందం ప్రకారం ఆ ధ్వనిముద్రణపై ఆ సంస్థకు హక్కు మిగలలేదని కోర్టు తేల్చింది. ఒకచోట స్వరకర్త గెలిచాడు, మరొకచోట కంపెనీ ఓడింది. ఆ ముద్రణల్లో తబలా, వయొలిన్ వాయించినవారి ప్రస్తావన ఏ పక్షపు వాదనకూ కేంద్రం కాలేదు.

2012లో భారత పార్లమెంటు కాపీరైట్ చట్టాన్ని సవరించింది. రాజ్యసభ సభ్యుడు జావేద్ అఖ్తర్ పట్టుదల దీని వెనుక ఉన్నదన్నది జగమెరిగిన విషయం. గీత రచయితలూ స్వరకర్తలూ సినిమా హాలు బయటి వినియోగంపై తమ రాయల్టీ వాటాను నిర్మాతకు రాసివ్వడానికి వీల్లేకుండా చేయడం ఆ సవరణ సాధించిన ఘనత. ప్రదర్శనకారులకు సైతం వాణిజ్య వినియోగంలో రాయల్టీని గుర్తించింది. చట్టం దృష్టిలో వాద్యకారుడూ ప్రదర్శనకారుడే. అయితే అదే సవరణ ఒక మినహాయింపును చేర్చింది. సినిమాలో అప్రధానమైన ప్రదర్శన ఇచ్చి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిళ్లలో సహా ఎక్కడా పేరు పడని వ్యక్తిని, పరిమితమైన ఒక నైతిక హక్కుకు తప్ప, ప్రదర్శనకారుడిగా పరిగణించనక్కరలేదన్నది.

ఈ నిబంధన వాద్యకారులందరికీ వర్తించి తీరుతుందని చెప్పలేము. పాటలో వయొలిన్ అప్రధానమని ఎవరూ సులువుగా వాదించలేరు. కాని పేరు వేయకపోవడమే హక్కు లేకపోవడానికి ఒక ఆధారమయ్యే దారి అక్కడ తెరుచుకున్నది. మద్రాసు స్టూడియోల్లో దశాబ్దాల పాటు తెలుగు సినిమా పాటలకు ప్రాణం పోసిన వాద్యకారుల్లో అత్యధికుల పేర్లు రికార్డు అట్టల మీద కనిపించవు. 2017లో ఇళయరాజా తన పాటలను అనుమతి లేకుండా కచేరీల్లో పాడరాదని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి నోటీసు పంపినప్పుడు తెలుగునాట జరిగిన చర్చంతా స్వరకర్త, గాయకుడు అనే రెండు పేర్ల చుట్టూనే తిరిగింది. మూడో పేరు ఎవరికీ గుర్తు రాలేదు, ఎందుకంటే అది ఎక్కడా అచ్చు కాలేదు.

హెవీస్ 2019లో తిరిగి ఆసిడ్ జాజ్ సంస్థ నుంచే 'టీబీఎన్‌హెచ్' అనే ఆల్బమ్ తెచ్చారు. కిన్‌కైడ్ అప్పటికే బృందాన్ని వీడారు. అందులోనూ అతిథి గాయకులు అనేకులు, అందులోనూ పేర్లు స్పష్టం. 'హెవీ రైమ్'కు మాత్రం రెండవ సంపుటం రాలేదు.

పాత ముద్రణలను మేసిన యంత్రాలు కొత్త పాటలను ఉత్పత్తి చేస్తున్న ఈ రోజుల్లో శాంప్లింగ్ వివాదం మరింత పెద్ద రూపంలో పార్లమెంటు ముందుకు రాక తప్పదు. అప్పుడైనా శాసనకర్తలు కంపెనీల ఆస్తి తగాదాను పరిష్కరించి ఊరుకోకుండా, ప్రతి ధ్వనిముద్రణలో వాయించిన ప్రతి ఒక్కరి పేరూ నమోదు చేయడాన్ని తప్పనిసరి చేయాలి. 2012 నాటి మినహాయింపును తొలగించాలి. వాటా ఎంతన్నది తరువాత తేల్చుకోవచ్చు. పేరు నమోదు కానివాడు ఆ లెక్క తేలే చోటికి చేరనే లేడు.