కలకత్తా గాలిలో పోలీసు పిస్తోలు

డ్యూటీలో వాడిన పాత పిస్తోలును ప్రదర్శనకు పెట్టే ముందు దానికి పాలిష్ పట్టించి, మళ్లీ నల్లపూత వేయించి, కొత్తదానిలా మెరిపించాలన్న ఆలోచన చాలామందికి సహజంగానే వస్తుంది. పోలీసు కొలువులో మెరుపంటే క్రమశిక్షణ కాబట్టి ఆ ఆలోచనను తప్పుపట్టడమూ కష్టమే. అయితే కలకత్తా నగర చరిత్రను పక్కన పెట్టుకుని చూస్తే ఇంకో సంగతి తేలుతుంది. పిస్తోలు మీది పూత ముందు తాను అరిగి, ఉక్కును కాపాడటానికి పుట్టింది. అది ఎక్కడ అరిగింది, ఎలా అరిగింది అన్నది ఆ ఆయుధం చేసిన కొలువుకు సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని తుడిచేసే మరమ్మతు ఎంత నైపుణ్యంగా చేసినా చరిత్రకు నష్టమే.

కలకత్తా గాలికీ ఇనుముకూ పడదు. ఏడాదికి 1,600 మిల్లీమీటర్లు దాటే వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. ఆ నాలుగు నెలలూ గాలిలో తేమ తరచుగా 80 శాతం పైనే ఉంటుంది. దానికి తోడు ఆ రోజుల్లో బొగ్గు పొగ. హుగ్లీ ఒడ్డున జనపనార మిల్లులు, నదిలో పొగ ఓడలు, ఇంటింటా బొగ్గు పొయ్యిలు. ఈ బాధ పడలేక 1863లోనే కలకత్తా, హౌరాలకు పొగ నియంత్రణ చట్టం తెచ్చారు. అది చాలక 1905లో బెంగాల్ ప్రభుత్వం మరో చట్టం చేసింది. తేమ ఒక హద్దు దాటినప్పుడు గాలిలో గంధకపు పొగ కూడా ఉంటే తుప్పు ఒక్కసారిగా ఊపందుకుంటుందని బ్రిటన్‌లో వెర్నాన్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ తర్వాతి దశాబ్దాల్లో ప్రయోగాలతో చూపించాడు. అప్పటి కలకత్తాలో ఆ రెండూ పుష్కలం. లండన్‌లో అల్మారాలో పెట్టి మరిచిపోయినా బాగుండే రివాల్వరు ఇక్కడ ఒక్క వానాకాలం కూడా తట్టుకోలేదు.

ఈ గాలిని ఎదుర్కొనే పూత ఎంత పలచనో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. తుపాకుల మీద కనిపించే నీలి నలుపు పైన పూసిన రంగు కాదు, ఇనుము తన మీద తానే కట్టుకున్న ఆక్సైడు పొర. దాని మందం ఇంచుమించు ఒక మైక్రాన్, అంటే తలవెంట్రుక మందంలో యాభయ్యో వంతుకు కూడా రాదు. పాత పద్ధతిలో దీన్ని కట్టించే తీరు విచిత్రంగా ఉంటుంది. ఉక్కు మీద జిడ్డు లేకుండా తుడిచి, ఆమ్లం కలిసిన ద్రావణం పలచగా పట్టించి, తేమగా ఉన్నచోట వేలాడదీస్తారు. ఎర్రటి తుప్పు సన్నగా అలుముకోగానే మరుగుతున్న నీళ్లలో ముంచుతారు. ఎరుపు నలుపవుతుంది. పైన వదులుగా నిలిచిన పొడిని సన్నని తీగల బ్రష్షుతో రుద్ది, మళ్లీ మొదటికి వస్తారు. ఇలా అయిదారు విడతలు చేశాక నూనె పట్టిస్తారు. అంటే తుప్పును మచ్చిక చేసుకుని తుప్పు మీదికే కాపలా పెట్టడమన్నమాట. ఈ పనికి కావలసిన తేమగదిని కలకత్తా వానాకాలం ఉచితంగానే ఇస్తుంది. ఆయుధానికి శత్రువైన గాలే తుపాకుల మేస్త్రీకి పనిముట్టు. 1835 నుంచి నరసింగ్ చందర్ దా కంపెనీ వంటి తుపాకుల దుకాణాలు ఉన్న నగరం ఇది.

అంత పలచని పొర ఒంటరిగా తుప్పును ఆపలేదు. అది చేసే అసలు పని నూనెను పట్టి ఉంచడం. బ్రిటిష్ సైన్యమూ, వేటగాళ్లూ దానికి వాడినది రంగూన్ నూనె. బర్మా దేశపు భూమిలోంచి తీసిన ఖనిజ తైలమే ఇది. అయినా నూనెకు లొంగని శత్రువు గొట్టం లోపల ఉండేది. ఆ కాలపు తూటాల ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. కాల్చిన ప్రతిసారీ అది ఒక రకం ఉప్పుగా మారి గొట్టంలో మిగిలిపోయేది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నూనెలో మాత్రం కరగదు. అందుకే ముందు వేడినీళ్లు పోసి కడగాలి, ఆరబెట్టాలి, ఆ తర్వాతే నూనె. ఈ క్రమం తప్పిన పిస్తోలు పైకి నిగనిగలాడుతున్నా లోపల గుంటలు పడిపోతుంది.

ఇక్కడే మొదటి అభ్యంతరానికి సమాధానం దొరుకుతుంది. అరిగిన ఆయుధం అంటే పట్టించుకోని ఆయుధమే కదా అంటారు. అరుగుదల వేరు, తుప్పు వేరు. కలకత్తా సార్జెంట్లు ధరించిన వెబ్లీ వంటి రివాల్వరును చూడండి. తోలు ఒరలోంచి రోజూ తీసి పెట్టడంవల్ల గొట్టం మూతి అంచు, గురి చూసే ముందుగుర్తు పక్కలు, సిలిండర్ గట్లు తెల్లబడతాయి. చేతి పట్టు తగిలే వెనకభాగంలో నీలం మాసి గోధుమ రంగుకు తిరుగుతుంది. పిడి కింది రింగుకు తాడు కట్టి భుజానికి తగిలించుకుంటారు కాబట్టి రింగు ఊగినచోట చిన్న మచ్చ పడుతుంది. ఈ గుర్తులన్నీ నునుపుగా, అంచులు మెత్తబడి, ఒకదానితో ఒకటి పొందికగా ఉంటాయి. వాటి మీద ఎవరో నూనె గుడ్డ క్రమం తప్పకుండా తిప్పారని కూడా అవే చెబుతాయి. తోలు ఒరలోనే నెలల తరబడి వదిలేసిన ఆయుధం కథ వేరు. తోలు తేమను పీలుస్తుంది, దాన్ని పదును చేసిన ఆమ్లాలూ లవణాలూ ఉక్కును కొరుకుతాయి. అప్పుడు ఒర ఆకారంలోనే మచ్చలు, వాటి కింద గుంటలు పడతాయి. పరేడ్‌లో మెరుపును మాత్రమే చూసే అధికారికి ఈ తేడా కనిపించదు. రాపిడి కొలువుకు గుర్తు, గుంట అశ్రద్ధకు గుర్తు. కొత్తపూత ఈ రెంటినీ ఒకేలా కప్పేస్తుంది.

అరుగుదలను నకలు చేయవచ్చు కదా, దాన్ని సాక్ష్యమని ఎలా నమ్మాలి అన్నది రెండో అభ్యంతరం. ఇది గట్టిదే. ఉపరితలం ఒక్కటే ఏదీ రుజువు చేయదు, దస్తావేజుతో కలిపి చదవాలి. అలా చదవడానికి కలకత్తాలో తుపాకులు అమ్మిన రోడా కంపెనీ ఉదంతం కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1914 ఆగస్టు 26న ఆ కంపెనీ గుమాస్తా శ్రీశ్‌చంద్ర మిత్ర కస్టమ్స్ నుంచి 202 పెట్టెలు విడిపించి, 192 మాత్రమే గిడ్డంగికి చేర్చాడు. మిగిలిన పదింటినీ విప్లవకారులు ఎద్దుబండి మీద మలంగా లేన్ వైపు మళ్లించారు. అందులో 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు ఉన్నాయి. 1918 నాటి రౌలట్ కమిటీ నివేదిక ప్రకారం 44 పిస్తోళ్లు వెంటనే తొమ్మిది దళాలకు పంపిణీ అయ్యాయి, తర్వాత 54 దోపిడీ, హత్య, హత్యాయత్నం ఘటనల్లో వాటిని వాడారు, నివేదిక నాటికి 31 తిరిగి దొరికాయి. దొరికిన పిస్తోలు ఈ యాభైలోదే అని తేల్చగలగడానికి కారణం ఒక్కటే. ప్రతి పిస్తోలుకూ నంబరు ఉంది, ఆ నంబర్లన్నీ కంపెనీ రాసిపెట్టుకుంది.

ఆ మౌజర్ ఒళ్లంతా నీలిపూత, చిన్న భాగాలకు వేడితో తెచ్చిన నెమలికంఠం నీలం, లోపల ముందుకూ వెనక్కూ కదిలే బోల్టుకు మాత్రం ఏ పూతా లేని తెల్ల ఉక్కు. దాని ఒర చెక్కపెట్టె, పిడికి తగిలిస్తే అదే భుజానికి ఆనించుకునే తుపాకి మడమ అవుతుంది. తోలు ఒరలో తిరిగిన సార్జెంటు రివాల్వరూ, చెక్కపెట్టె వదిలి చాదరు కింద నడుముకు దోపుకుని చెమటలో తడిసిన మౌజరూ ఒకే తీరుగా అరగవు. నంబరు అది ఏ పిస్తోలో చెబుతుంది, అరుగుదల దాన్ని ఎలా మోశారో చెబుతుంది. పాలిష్ చక్రం ఈ రెండో సంగతిని పూర్తిగా చెరిపేస్తుంది, మొదటిదాన్ని పలచబరుస్తుంది. గుంటలు పోవాలంటే ఉక్కునే అరగదీయాలి, దాంతో కొట్టిన అక్షరాల అంచులూ పోతాయి. నంబరును ఉద్దేశపూర్వకంగా చెరపడం 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద నిషిద్ధం. అలాంటి ఆయుధం ఎవరి దగ్గర దొరికితే వారే చెరిపారని, కాదని వారు రుజువు చేసుకునేదాకా, చట్టం భావిస్తుంది. అందం కోసం చేసే పాలిష్‌ను నేరమనలేం గానీ సాక్ష్యానికి అదీ నష్టమే చేస్తుంది.

మనుషుల ప్రాణాలు తీసిన వస్తువుల గీతలను ఇంత ప్రేమగా చదవడం ఏమిటని మరో ప్రశ్న. నిజానికి ఆయుధాన్ని నగలా మార్చేది కొత్తపూతే. ఆచార్య ప్రఫుల్లచంద్ర రోడ్డులో రామమోహన్ రాయ్ నివసించిన ఇంట్లో ఇప్పుడు కలకత్తా పోలీసు మ్యూజియం ఉంది. విప్లవకారుల నుంచి పట్టుకున్న ఆయుధాలు అక్కడ పోలీసుల చరిత్ర పక్కనే ఉన్నాయి. ఒకే నగరంలో ఎదురెదురుగా నిలిచిన రెండు పక్షాల వస్తువులకు ఒకే నలుపు పూస్తే వాటి మధ్య తేడాయే మాయమవుతుంది.

ఇక మిగిలింది కాలం మారిందన్న వాదన. 1906లో బర్మింగ్‌హామ్‌లో కాస్లెట్ పేటెంట్ తీసుకున్న ఫాస్ఫేట్ పూత నీలిపూత కంటే మందంగా, సన్నని రంధ్రాలతో నూనెను బాగా పట్టుకునేలా వచ్చింది. 1980ల నుంచి గ్లాక్ వంటి పిస్తోళ్లలో నత్రజనిని ఉక్కు పైపొరలోకే ఎక్కిస్తున్నారు, అది ఒర రాపిడికి అంత తేలిగ్గా లొంగదు. కలకత్తాకు ఉత్తరాన ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే 9 మిల్లీమీటర్ల పిస్తోలు కూడా ఈ కొత్త యుగానిదే. అయితే పూత గట్టిపడే కొద్దీ రేపటి చరిత్రకారుడికి ఉపరితలం మీద దొరికేది తగ్గుతుంది. పాతవాటి మీద మిగిలిన గుర్తుల విలువ అందుకే ఇంకా పెరుగుతుంది. వాటికి చేయవలసింది కొంచెమే: ఉప్పును కడగడం, చురుకుగా ఉన్న తుప్పును ఆపడం, పలచగా నూనో మైనమో పట్టించడం, గదిలో తేమ తగ్గించడం, రికార్డులోని నంబరుతో సరిచూసి అరుగుదలను ఫొటోలతో నమోదు చేయడం. మెరుగు పెట్టడం ఆ జాబితాలో లేదు. డ్యూటీలో ఉన్న ఆయుధానికి కొత్తపూత అవసరమైతే తప్పకుండా వేయించాలి, దాని పని మనిషిని కాపాడటం కాబట్టి. డ్యూటీ దిగిన ఆయుధానికి మిగిలిన పని సాక్ష్యం చెప్పడమే కాబట్టి దాని అరుగుదలను తాకకూడదు.