గ్రంథాలయ దానములు — అనువృత్తి

తెలుగు మాటాడు చిత్రములలో మొదటిదైన ‘భక్తప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15వ తేదిని వెలువడెనని చిరకాలము వాడుకలో నుండెను. ఆ తేదినే తెలుగు చలనచిత్రమునకు జన్మదినముగా పలువురు లెక్కించుచు వచ్చిరి. శ్రీ రెంటాల జయదేవ నాటి పత్రికలలోని ప్రకటనలను, సెన్సారువారి యనుమతి తేదిని పరిశీలించి, ఆ చిత్రము 1932 ఫిబ్రవరి 6వ తేదిని బొంబాయిలో ప్రదర్శింపబడెనని నిర్ధారించిరి. ఇప్పుడు ఫిలింనగరమువారికిని అదియే ప్రమాణము. చిత్రమో, నేడు చూడ దొరకదు. దానికి పూర్వము 1921లో రఘుపతి ప్రకాశుగారు తీసిన మూకచిత్రము ‘భీష్మప్రతిజ్ఞ’యు దొరకదు. లక్షలు వెచ్చించి చేసిన వస్తువు నశించి, దానిని గూర్చి అచ్చువేసిన కాసు విలువ చేయని కాగితము నిలిచినది. ఆ కాగితము తనంతట తాను నిలువలేదు; ఎవరో నిలిపిరి.

నేను జూబిలీహిల్సు సమీపమున నివసించువాడను. మా కొండలకు చరిత్ర స్వల్పము. చల్లగళ్ళ నరసింహముగారి పూనికతో గృహనిర్మాణ సహకారసంఘ మేర్పడిన పిమ్మటనే యీ రాళ్ళగుట్టలపై ఇండ్లు లేచినవి. అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో అన్నపూర్ణా స్టూడియోను నెలకొల్పిరి. మదరాసునందలి పరిశ్రమ క్రమక్రమముగా నిటకు తరలి వచ్చినది. ఈ కొండలమీద దాతృత్వమునకు కొరత యున్నదని యెవరును అనజాలరు. పెద్దమ్మగుడికి వచ్చు కానుకలు చూచినను, ఫిలింనగర దైవసన్నిధానము చూచినను ఆ సంగతి తెలియగలదు. అక్కినేనివారు గుడివాడ కళాశాల కిచ్చిన విరాళమును లోకమెరుగును. ఐనను, ఈ పరిశ్రమయొక్క పుట్టినతేదిని భద్రపరచినది పాతపత్రికలు దాచిన బీరువాలే. ఆ బీరువాలకు తాళము తీసి, దుమ్ము దులిపి, మరల తాళము వేయుచు వచ్చినవారిని గూర్చి కొంత చెప్పుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

మన గ్రంథాలయచరిత్రములలో స్థాపకుల ప్రశంస మెండుగా కలదు. అది యుచితమే. కాని స్థాపన మొక దినపు పని. సభ జరుగును, అధ్యక్షు లుపన్యసింతురు, విరాళములు చదువుదురు. ముప్పదియేండ్లు గడచిన పిమ్మట, ఆ సభలోనివారు పోయి, వారి కుమారులు వేరూరికి తరలి, కప్పు కురియునప్పుడు ఆ యింటికి ఎవరు దిక్కు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పిన గ్రంథాలయములు కొన్నియే. అందు వేటపాలెములోని సారస్వతనికేతన మొకటి. 1918లో హిందూయువజనసంఘము పక్షమున ఊటుకూరి వెంకటసుబ్బరాయశ్రేష్ఠిగారు ప్రారంభించిన యీ సంస్థ నగరమున లేదు. చీరాల దాపున నేతపనివారి యూరిలో నున్నది. 1929లో గాంధిమహాత్ములు అచ్చటికి వచ్చి క్రొత్తభవనమునకు శంకుస్థాపన చేసిరి; వారి చేతికఱ్ఱ నేటికిని అందు కలదు. చూడవచ్చువారు చేతికఱ్ఱను చూచి మురియుదురు. పరిశోధకు డట్లు గాక పత్రికల గది కడకు పోవును. రాజధానులలో దొరకని పూర్వపత్రికల సంపుటములకై విద్వాంసులు ఒక పల్లెకు పోవలసివచ్చుట మన దేశమున నరుదైన విషయము.

నా కెక్కువ పరిచయమైనది మాత్రము హైదరాబాదు సుల్తానుబజారులో గల శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము. ఇది 1901 సెప్టెంబరు 1వ తేదిని రావిచెట్టు రంగారావుగారి యింట వెలసినది. మునగాల ప్రభువు రాజా నాయని వేంకటరంగారావుగారు, ఆ సంస్థానమున దివానుగా నుండిన కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు, ఆదిపూడి సోమనాథరావుగారు మొదలగువారు దీనికి మూలపురుషులు. ప్రారంభసభకు పాల్వంచ ప్రభువు పార్థసారథి అప్పారావుగా రధ్యక్షులు. లక్ష్మణరావుగారికి అప్పటికి ఇరువదినాలుగేండ్లు మాత్రమే యనుట మరవరాదు. నాటి నిజాము రాష్ట్రమున ప్రభుత్వభాష ఉరుదూ. ప్రజలలో నధికసంఖ్యాకులు తెలుగువా రైనను తెలుగున చదువుకొనుటకు బడు లరుదు. రెసిడెన్సీబజారు ప్రాంతము ఆంగ్ల రెసిడెంటు నధికారమున నుండి, 1933లో గాని నిజామునకు మరల దక్కలేదు. తెలుగువారి తొలిసంస్థలు పెక్కు అచ్చటనే తలయెత్తుటకు ఈ స్థలవిశేష మొక హేతువని నా యూహ. సభ జరుపుటకు ముందుగా సెలవు పొందవలెనను ‘గస్తీ’ యాజ్ఞలు గల రాజ్యమున, పదిమంది కూర్చుండి పత్రిక చదువుకొను గదియే సభామంటప మగును. 1906లో వీరిలోని ప్రముఖులే విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. చదువుటకు చోటు కల్పించిన యైదేండ్లకు చదువదగిన పుస్తకములకై పూనుకొనిరన్నమాట.

ఈ నిలయముయొక్క పేరును గూర్చి నాకొక ముచ్చట కలదు. ధనమిచ్చినవారు ఒక సంస్థానాధీశుడు, ఒక భాగ్యవంతుడు. గ్రంథాలయమునకు వారి పేరు పెట్టినచో నాటివా రెవరును తప్పుపట్టియుండరు. వారట్లు చేయక, 1509 మొదలు 1529 వరకు ఏలిన రాయలవారి పేరు పెట్టిరి. విజయవాడలో 1911లో వెలసిన దానికి రామమోహనరాయల పేరు పెట్టిరి. రాజమహేంద్రవరమున నాళము కృష్ణారావుగారు 1898లో, పదునేడేండ్ల ప్రాయమున, స్థాపించిన దానికి వడ్డాది సుబ్బారాయకవిగారి పేర ‘వసురాయ’ గ్రంథాలయమని పేరిడిరి. పిదప నది మఱియొకదానితో కలసి గౌతమీనది పేరు దాల్చినది. కవి, రాజు, సంస్కర్త, నది — వీనిలో దాత లేడు. ఇది వినయముచేత జరిగియుండవచ్చును. కాని దాని ఫలము వినయముకంటె పెద్దది. ఒకరి పేరు గల యింటికి రెండవవాడు సున్నము వేయింపడు. “వారిది గదా, వారి వంశమువారు చూచుకొందురు” అనును. తలుపుమీద దాత పేరు లేనిచోట రెండవ దాతకు చోటు మిగులును. మన గ్రంథాలయములు తరతరములు నిలుచుటకు గల కారణములలో దీనిని నేను మొదటిదిగా లెక్కింతును. దీనికి అపవాదములు లేకపోలేదు. వంశమువారే నాలుగుతరములు పోషించిన గ్రంథాలయములును ఉండవచ్చును. ఐనను నేను చూచినంతలో నవి స్వల్పము.

ధర్మశాస్త్రమున దానమునకు లక్షణము చెప్పునప్పుడు, తన స్వత్వము తొలగుట, పరుని స్వత్వము కలుగుట అను రెండంశములను గ్రహింతురు. విప్రునకు గోవు నిచ్చినప్పుడు పరు డెవడో స్పష్టము. గ్రంథాలయమున కిచ్చినప్పుడు పరు డెవడు? పాఠకుడా? రేపు పుట్టబోవు పాఠకుడును అందు చేరునా? చట్టము దీనికి సంఘమును నమోదు చేసి, దానినే యొక వ్యక్తిగా భావించి సమాధానము చెప్పినది. వ్యాకరణమున నాకింకను తృప్తికరమైన పోలిక తోచుచున్నది. పాణినీయమున అధికారసూత్ర మని యొకటి కలదు. అది తానున్న చోట నేపనియు చేయదు; తరువాతి సూత్రములలోనికి అనువర్తించి, అచ్చట నర్థమును పూరించును. అనువృత్తి తెగినచోట దాని బలము తీరును. మూలదాత యిచ్చిన ధన మిట్టిది. 1901 నాటి విరాళమున కర్థము 1901లో లేదు.

ఇందులకు సుల్తానుబజారే నిదర్శనము. రావిచెట్టు రంగారావుగారు 1910లో స్వర్గస్థులైరి. గ్రంథాలయమునకు సొంతగూడు లేదు. ఇంటి యజమాని పోయినాడు. ఆ నా డది మూతపడుట యెంతయు సహజము. వారి ధర్మపత్ని లక్ష్మీనరసమ్మగారు నిలయమునకు స్వగృహము గొనుటకై విరాళ మొసంగిరి. అచ్చటనే నూతనభవనము లేచి, 1921లో కట్టమంచి రామలింగారెడ్డిగారిచే ప్రారంభింపబడినది. భర్త గ్రంథాలయమునకు ఇంటిలో చోటిచ్చెను. భార్య ఇంటినుండి దానిని విడిపించి దాని కాళ్ళమీద దానిని నిలిపెను. ఈ రెండవ దానమే లేనిచో మొదటిది తొమ్మిదేండ్ల ముచ్చటగా ముగిసియుండెడిది. చరిత్రలలో ఆమె పేరు భర్త పేరు వెనుక నొక పంక్తిలో వచ్చును. నేనైనచో ఆ పంక్తిని ముందునకు జరుపుదును.

ధనముతో భవనము లేచును గాని తలుపు తెరచుకొనదు. మాడపాటి హనుమంతరావుగారు ఈ నిలయమునకు బహుకాలము కార్యదర్శిగా నుండిరి. 1951లో నగరమునకు ప్రథమ మేయరైన పురుషుడు, అంతకు పూర్వము వకీలుగా వ్యవహరించుచు, నారాయణగూడలో బాలికల పాఠశాల నడపుచు, పుస్తకముల లెక్క చూచుకొనెను. కార్యదర్శి పని యనగా నేమో యెరుగనివారికి చెప్పెదను. వచ్చిన ప్రతి పుస్తకమునకు సంఖ్య వేసి పట్టీలో చేర్చవలెను. పత్రికలను తేదుల వరుస పేర్చి, కుట్టించి, అట్టలు వేయింపవలెను. వేపాకును కర్పూరమును నడుమ నుంచి చెదలను కాచుకొనవలెను. పుస్తకము కొనిపోయి తిరిగి యీయని పెద్దమనిషి యింటికి పోయి, ఆయనకు కోపము రాకుండ అడుగవలెను. చందా బాకీలు వసూలు చేయవలెను. వీనిలో దేనికిని సన్మానము లేదు. 1914 ఏప్రిలు 10వ తేదిని విజయవాడలో చిలకమర్తివా రధ్యక్షులుగా తొలి గ్రంథాలయసభ జరిపించిన అయ్యంకి వేంకటరమణయ్యగారి గొప్పతన మెచ్చటనున్నదనగా, ఈ చాకిరికే యొక గౌరవము కల్పించుటలో నున్నది. పడవలో పుస్తకముల నుంచుకొని కాలువవెంట గ్రామగ్రామమునకు పోయిన పాతూరి నాగభూషణముగారును ఆ కోవలోనివారే.

నిధిని గూర్చి యొకమాట. పూర్వు లొక మొత్తమును మూలధనముగా నుంచి, దాని వడ్డీతో సంస్థ శాశ్వతముగా నడచునని నమ్మిరి. రూపాయి విలువ యిట్లు కరగునని వారికేమి తెలియును? ఏటికి నూరు పుస్తకములు కొనదగిన వడ్డీ, అరువదేండ్లకు ఒక సంపుటము కుట్టించుటకు చాలదయ్యెను. కొన్ని సంస్థలు ప్రభుత్వమునకు తమ్మప్పగించుకొనుటకు గల కారణములలో నిదియొకటి. గౌతమీ గ్రంథాలయము 1979లో ప్రభుత్వాధీన మైనది. దాని మంచిచెడ్డలు వేరుగ చర్చింపదగినవి. హైదరాబాదు రాష్ట్రమున 1955లోను, ఆంధ్రప్రదేశమున 1960లోను గ్రంథాలయ శాసనము లేర్పడి, ఇంటిపన్నుతో గ్రంథాలయపన్ను వసూలగుచున్నది. కావున జూబిలీహిల్సున ఇల్లుగల ప్రతివాడును, తారయైనను వర్తకుడైనను, ఏటేట గ్రంథాలయదాతయే. ఆ సంగతి వారిలో పలువు రెరుగరు. అట్లు వసూలైన ధనము గ్రంథాలయసంస్థలకు సకాలమున చేరదను ఫిర్యాదు చాలయేండ్లుగా వినబడుచున్నది. తెలియక యిచ్చు దానమున కిదియే లోపము: ఇచ్చినవాడు వెనుదిరిగి యడుగడు.

తెలిసి యిచ్చి చెడగొట్టిన కథయు నా కొకటి కలదు. మా గురువుగారు గతించిన పిమ్మట వారి పుస్తకములను, వ్యాకరణగ్రంథములే రెండువందలకు పైబడినవి, మేము శిష్యులము నలుగురము చేరి ఒక యూరి గ్రంథాలయమున కిచ్చితిమి. శాలువలు కప్పిరి, ఛాయాపటము తీసిరి. పదేండ్లకు నేనొక పాఠభేదము చూచుకొనుటకు పోగా, ఆ మూటలు కట్టినవి కట్టినట్లే మెట్లక్రింద నుండెను. రెండు మూటలు చెదలకు సగము లోబడినవి. అచ్చటి యుద్యోగి యొక్కడే, ముసలివాడు. నాతో నెమ్మదిగా, “బీరువా లేదండి” అనెను. నాకు మొదట కోపము వచ్చెను. త్రోవలో ఆలోచింపగా తప్పు నాదిగా తోచినది. పుస్తకముల నిచ్చితిమి, బీరువా నీయలేదు, పట్టిక నీయలేదు, ఏడాదికొక మారైనను పోయి చూడలేదు. మా గురువుగారి స్వహస్తపు టిప్పణము లున్న ప్రతి ఆ చెడిన మూటలోనిదే.

ఇప్పుడు నా పుస్తకముల వంతు వచ్చుచున్నది. మా పిల్లల వృత్తులు వేరు. వారికి వీనితో పని లేదు, అందులకు నాకు విచారమును లేదు. సుల్తానుబజారునకు నేడు మెట్రోరైలు పోవుచున్నది. మాసమునకు రెండుమారులు పోయి, ఏ పుస్తకము అచ్చట లేదో, ఏది యున్నదో సరిచూచుకొని వచ్చుచున్నాను. ఉన్నవానిని మరల నిచ్చి వారికి బరువు కలిగింపరాదు. లేనివానికి సంఖ్య, కర్త, ముద్రణస్థలము, సంవత్సరము వ్రాసి పట్టిక సిద్ధము చేయుచున్నాను. రెండు ఇనుపబీరువాల వెల వేరుగ నుంచితిని. పట్టిక నిన్నటికి పకారమువరకు వచ్చినది.