అవతలి ఒడ్డు పిట్ట

కలివికోడి అనగానే అందరికీ గుర్తొచ్చేది కడప. మద్రాసు సైన్యంలో డాక్టరుగా ఉన్న జెర్డాన్ ద్వారా 1848లో శాస్త్రానికి తెలిసిన పిట్ట అది. 1900లో అనంతపురం దగ్గర కనపడి, ఆ తర్వాత ఎనభై ఆరేళ్లు ఎవరి లెక్కలోనూ లేకుండా పోయింది. 1986 జనవరిలో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ లంకమల అడవుల దగ్గర దాన్ని మళ్లీ కనుక్కున్నాడు. ఈ కథ చాలామందికి తెలుసు. అంతగా ప్రచారంలో లేని ముక్క ఒకటుంది. ఈ పిట్ట కనపడ్డ చోట్ల జాబితాలో రాయలసీమకు ఆమడల దూరంలో, గోదావరి లోయలోని రెండు ఊళ్ల పేర్లున్నాయి. ఒకటి భద్రాచలం. రెండోది సిరొంచ.

సిరొంచ మంథని వాళ్లకు పరాయి ఊరేం కాదు. గోదావరి మంథనిని దాటి తూర్పుకు పోయి కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుంటుంది. ఆ ప్రాణహిత అవతలి గడ్డే సిరొంచ. ఇప్పుడది మహారాష్ట్రలో, గడ్చిరోలి జిల్లాలో ఉంది గానీ అక్కడి బజార్లో తెలుగు మాట్లాడితే ఎవరూ తలతిప్పి చూడరు. 1860లో నైజాము ఆ ఒడ్డును ఇంగ్లీషువాళ్లకు అప్పగించాడు. అది అప్పర్ గోదావరి జిల్లా అయింది, సిరొంచ దానికి ముఖ్యపట్టణం అయింది. ఈ ఒడ్డు మాత్రం నైజాము కిందే ఉండిపోయింది. పిట్టలకు ఈ సరిహద్దు సంగతి తెలియదు. పిట్టల పుస్తకాలకు బాగా తెలుసు.

సిరొంచ పిట్టను లెక్కలోకి తెచ్చినవాడు విలియం బ్లాన్‌ఫోర్డ్. ఆయన పిట్టల కోసం రాలేదు. 1855లో జియలాజికల్ సర్వేలో చేరిన మనిషి, రాళ్లు చూడటం ఆయన ఉద్యోగం. సిరొంచ పక్కనే ప్రాణహిత గట్టు మీద కోట అనే ఊరుంది. అక్కడి రాతిపలకల్లో దొరికిన చేపల శిలాజాల గురించి అప్పటికే శాస్త్రవేత్తలకు తెలుసు. దానికి తోడు ఈ లోయలో బొగ్గు ఉంటుందన్న ఆశ. అదే సర్వేలో పనిచేసిన విలియం కింగ్ 1870ల మొదట్లో ఇల్లందు దగ్గర సింగరేణి బొగ్గును గుర్తించాడు. రామగుండం గనుల దాకా వచ్చిన కథకు మొదలు అక్కడుంది. అంటే ఈ ప్రాంతపు బొగ్గు చరిత్రా, పిట్టల చరిత్రా ఒకే ఆఫీసు జీతం మీద మొదలయ్యాయన్నమాట.

1870కి అటూ ఇటూ బ్లాన్‌ఫోర్డ్ ఈ లోయలో తిరిగాడు. ఆ కాలంలో పిట్టను చూడటమంటే చాలాసార్లు కాల్చడమే. తోలు ఒలిచి, గడ్డి కూరి, చీటీ కట్టి మ్యూజియానికి పంపితేనే సాక్ష్యం. ఇప్పటి కెమెరా చేసే పనిని అప్పుడు తుపాకి చేసింది. ఆ తర్వాత ఆయనే బ్రిటిష్ ఇండియా జంతుజాలం పుస్తకాల వరుసలో పక్షుల మీద రెండు సంపుటాలు రాశాడు, 1895లో ఒకటి, 1898లో ఒకటి. కలివికోడికి ఆయన ఇచ్చిన తెలుగు పేరు మనం చదివితే ‘అడవి వుతతిత్తి’కి దగ్గరగా వినపడుతుంది. తీతువు జాతి పిట్టలను జనం పిలిచే పేర్లలోని చప్పుడే అది. ఇంగ్లీషు దొరకు తెలుగు పేరు తనంతట తాను తట్టదు కదా, ఈ పిట్టను పేరు పెట్టి పిలిచే మనుషులు ఎవరో చెప్పి ఉండాలి. వాళ్ల పేర్లు మాత్రం పుస్తకంలోకి ఎక్కలేదు.

ఈ ఒడ్డుకు అలాంటి ఉద్యోగి దొరకలేదు. వేదం చదివినవాళ్లకు పేరుపడ్డ ఊరు మంథని. ఏ స్వరం ఎక్కడ లేవాలో తరాల తరబడి తప్పు పోకుండా కాపాడుకున్నారు. గోదారి ఒడ్డు పిట్టలను లెక్క పెట్టడం ఎవరి పనీ కాలేదు. అది తప్పని అనను, ఎవరి పని వాళ్లది. హైదరాబాదు రాజ్యం మొత్తానికీ పద్ధతిగా పక్షుల సర్వే జరిగింది 1931-32లో. చేసినవాడు సలీం అలీ. అప్పటికి చేతిలో ఉద్యోగం లేదు. క్యాంపుల ఖర్చు సర్కారు పెట్టుకుంటే జీతం లేకుండా పనిచేస్తానని సంస్థానాలకు తానే ప్రతిపాదించాడు, హైదరాబాదు ఒప్పుకుంది. హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో ఆ ఫలితాలు సొసైటీ పత్రికలో 1933, 34ల్లో ఐదు భాగాలుగా వచ్చాయి. అవతలి ఒడ్డుతో పోలిస్తే ఆరు దశాబ్దాల ఆలస్యం. అందులో కలివికోడి లేదు.

ఎందుకు దొరకలేదన్నదానికి జవాబు 1986లో తెలిసింది. అది రాత్రి తిరిగే పిట్ట. నిపుణులు పగటిపూట వెతుకుతూ పోయారు. లంకమల దగ్గర రాత్రిళ్లు దీపం పట్టుకుని వేటాడే స్థానికులకు అది కొత్తదేమీ కాదు. అక్కడి వేటగాడొకరు దాన్ని సజీవంగా పట్టాకే లోకం నమ్మింది. తాను కూడా వెతికి ఓడిపోయిన సలీం అలీ అప్పటికి బతికే ఉన్నాడు, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో ఆ వార్త విన్నాడు. సిరొంచలో మాత్రం అది మళ్లీ దొరకలేదు.

ఈ పాత సంగతంతా ఇప్పుడు తవ్వడానికి కారణం గోదారి ఇసుక. కలివికోడికి దగ్గరి చుట్టం ఒకటుంది, స్మాల్ ప్రాటింకోల్ అంటారు. ఇద్దరిదీ ఒకే కుటుంబం. పిచ్చుక కంటే కాస్త పెద్దది, ఒళ్లంతా ఇసుక రంగు. గూడు కట్టదు. ఎండకాలంలో నది సన్నబడ్డాక తేలిన ఇసుక తిన్నె మీద చిన్న గుంట చేసి అందులోనే గుడ్లు పెడుతుంది. రివర్ టెర్న్ కూడా అంతే. అంతరించే ప్రమాదంలో ఉన్న ఇండియన్ స్కిమ్మర్ కూడా అంతే. సముద్రం ఒడ్డు పిట్టల్లా కనిపించే ఇవి లోనాడు నదుల్లో ఇసుకను నమ్ముకుని బతుకుతాయి. ఇసుక ఎండకాలమంతా పైకి తేలి ఉండాలి. వీటికి కావలసింది అదొక్కటే.

2019లో కాళేశ్వరం ఎత్తిపోతలు మొదలయ్యాయి. మంథనికి ఎగువన సుందిళ్ల, దిగువన అన్నారం, ఇంకా కింద మేడిగడ్డ. మూడింటి సామర్థ్యం కలిపి దాదాపు 36 టీఎంసీలు. పిల్లలు క్రికెట్ ఆడిన ఉసికె మీద నీళ్లు నిలబడ్డాయి. నీటికాకులు, బాతులు, నీళ్లలో నీడలు పడే చక్కటి ఫోటోలు వచ్చాయి. ఫోటోలు తీసేవాళ్లను తప్పు పట్టలేం, ఎదురుగా ఉన్నదే తీస్తారు. కానీ నీళ్లకు ముందు ఆ తిన్నెల మీద ఏ పిట్ట ఎన్ని గుడ్లు పెట్టేదో చెప్పే పాత లెక్క చేతిలో లేకపోతే, ఏం పోయిందని అడిగే హక్కు కూడా బలహీనపడుతుంది. పర్యావరణ నష్టం అంచనా వేసే కాగితం మీద రాయని పిట్ట లేనట్టే.

రాసినవాటి సంగతి వేరు. మంథనికి దగ్గర్లోని శివ్వారం మడుగులో మొసళ్లున్నాయని అందరికీ తెలుసు కాబట్టి దానికి అభయారణ్యం హోదా వచ్చింది. ఎగువన బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట కొండచరియ మీద 2013లో పొడుగుముక్కు రాబందులు కంటపడ్డాయి. ఫోటోలు బయటికొచ్చాయి, అటవీశాఖ వాటిని కాపాడే పని మొదలుపెట్టింది.

2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. మూడు బరాజుల నీళ్లూ వదిలేశారు. 2024 ఎండకాలానికి మంథని దగ్గర ఉసికె మళ్లీ బయటపడింది, దాని మీదికి లారీలూ వచ్చాయి. ప్రాటింకోల్ గుడ్డు గులకరాయంత ఉంటుంది, రంగు కూడా అదే. పైన తల్లి కూర్చుని లేకపోతే దాన్ని గుడ్డని గుర్తుపట్టడం కష్టం. లారీ డ్రైవరుకే కాదు, వంగి వెతికేవాళ్లకు కూడా.