మళ్ళీ వస్తుందా?

పెళ్ళిచూపుల్లో ఎవరూ పైకి అడగని ప్రశ్న ఒకటుంది. "పిల్లకి ఫిట్సేమైనా వస్తాయా?" అని ముందే ఇరుగుపొరుగుల దగ్గర ఆరా తీసేస్తారు. ఎప్పుడో ఒక్కసారి వచ్చిందని బయటపడిందా, ఇక ఆ సంబంధం సంగతి చెప్పనక్కర్లేదు. మా దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టిన కబురు ఎల్‌.బి.నగర్ చేరడానికి మెట్రో అక్కర్లేదు. మెట్రో 2018లో వచ్చింది గానీ, కబుర్లు అంతకుముందే ఆ వేగంతో నడిచేవి.

ఈ భయం పాతదే. చరకుడి నాటికే ఈ జబ్బుకి అపస్మారమని పేరు. నటరాజస్వామి పాదం కింది మరుగుజ్జు పేరూ అదే. కానీ చట్టం కూడా ఈ భయానికి వంతపాడిందంటే నమ్ముతారా? 1955 నాటి హిందూ వివాహ చట్టం షరతుల్లో మూర్ఛ మాట లేదు. 1976లో సవరించినప్పుడు, మాటిమాటికీ మూర్ఛ వచ్చేవారు పెళ్ళికి తగరని చేర్చారు. ఆ కారణంతో పెళ్ళి రద్దు చెయ్యమని కోర్టుకెక్కవచ్చన్నమాట. 1999 చివర్లో గాని ఆ మాట కొట్టెయ్యలేదు. 23 ఏళ్ళు! మగవాళ్ళకీ వర్తించిన చట్టమే సుమండీ. కానీ పెట్టె సర్దుకుని పుట్టింటికి తిరిగొచ్చేది ఎవరో మనకి తెలియనిదా?

చట్టం అన్నది "మాటిమాటికీ" అని. లోకం దాన్ని "ఒక్కసారైనా" అని చదువుకుంది.

ఆ తేడానే 1982లో అమెరికాలో హౌసర్ అనే వైద్యుడూ, ఆయన సహచరులూ లెక్కగట్టారు. జ్వరం, రక్తంలో చక్కెర పడిపోవడం, అప్పుడే తలకి తగిలిన దెబ్బ లాంటి తక్షణ కారణమేదీ లేకుండా మొదటిసారి ఫిట్స్ వచ్చినవాళ్ళని గమనిస్తూ వచ్చారు. మూడేళ్ళలో మళ్ళీ వచ్చింది నూటికి 27 మందికి. అనేక అధ్యయనాలు కలిపి చూసి 2015లో అమెరికా నాడీవైద్యుల సంఘం చెప్పిన లెక్క, రెండేళ్ళలో 21 నుంచి 45. ఎలా చూసినా సగానికి లోపే. రెండోసారి కూడా వస్తే మాత్రం కథ మారుతుంది. అప్పుడు మూడోది వచ్చే అవకాశం నూటికి 73 అని 1998లో హౌసరే తేల్చారు.

అలాగని అందరినీ ఒకే గాటన కట్టలేం. ఇ.ఇ.జి.లో తేడా, మెదడులో పాత గాయం మచ్చ, నిద్రలో వచ్చిన ఫిట్స్, వీటిలో ఏదున్నా గండం ఎక్కువ. వెంటనే మాత్రలు మొదలుపెడితే తొలి రెండేళ్ళలో అది తగ్గుతుంది గానీ, ఆపైన పెద్ద తేడా వుండకపోవచ్చు. అందుకే మొదటిసారికే మందు వెయ్యాలా అని డాక్టర్లు ఆలోచిస్తారు. అన్నట్టు, చౌరస్తాలో ఎవరైనా ఫిట్స్‌తో పడిపోతే చేతిలో తాళాలగుత్తి పెట్టడంవల్ల ఒరిగేదేం లేదు. పక్కకి ఒత్తిగిలేలా తిప్పాలి.

నా డిగ్రీ రోజుల్లో మా పక్కనే కొత్తపేటలో ఒకమ్మాయికి ఇలాగే ఒకసారి వచ్చింది. అప్పటికింకా చట్టం మారలేదు. కుదిరిన సంబంధం కాస్తా తప్పిపోయింది. "మళ్ళీ వస్తే ఎక్కువగా ఈ రెండేళ్ళలోనే వస్తుందమ్మా, చూద్దాం" అన్నాడట డాక్టరు. వాళ్ళమ్మ వంటింటి క్యాలెండరు మీద రోజుకో సున్నా చుట్టేది. రెండో ఏడు కూడా గడిచాక ఆ రెండు క్యాలెండర్లనీ బీరువాలో నగలపెట్టె పక్కన దాచింది. "ఈసారి ఎవరైనా అడిగితే ఇవి చూపిస్తా" అనేది.